చెప్పుకునేంత ఏమీ లేదు

అడిలైడ్‌కు రెండు గంటల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న మా మూంటా ఊళ్లో ఎవరినైనా "ఎలా ఉన్నావ్?" అని పలకరిస్తే వచ్చే జవాబు ఒక్కటే. "చెప్పుకునేంత ఏమీ లేదు." కాలు విరిగి సిమెంటు కట్టుతో కుంటుకుంటూ వచ్చేవాడూ అదే అంటాడు, వానల్లేక గోధుమ చేను మొత్తం మాడిపోయినవాడూ అదే అంటాడు. భార్యను మట్టి చేసిన మర్నాడు రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడి అదే మాట అన్న పెద్దమనిషి కూడా ఊళ్లో ఉన్నాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పారా, అది ఏడుపుగొట్టుతనం కింద జమ. ఈ విద్యలో మెర్వ్ పెన్‌హాల్‌ను మించినవాడు లేడు.

మెర్వ్ ఉద్యోగం చేసినన్నాళ్లూ స్కూలు బస్సు నడిపాడు. వెనక పిల్లలు ఎంత గోల చేసినా నోరెత్తి కసిరేవాడు కాదు. అద్దంలోంచి ఒక్క చూపు చూసేవాడు, బస్సంతా గప్‌చుప్. రిటైరైన రోజు తాళాలు ఆఫీసులో ఇచ్చేసి ఇంటికొచ్చి, "ఇక ఈ జన్మకి స్టీరింగ్ ముట్టను" అన్నాడు. ఆ ఏడాది మొత్తంలో ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదేనని ఆయన భార్య కోరల్ అంటుంది. అన్నట్టే మళ్లీ ముట్టలేదు. అప్పటినుంచి ఇంట్లో కారు నడిపేది కోరల్. ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు. వేసవిలో సముద్రంలోకి కట్టిన జెట్టీ మీద నీలిపీతలు పడతాడు, శనివారాలు బౌల్స్ క్లబ్బులో పచ్చిక మీద బంతులు దొర్లిస్తాడు.

గురువారం పొద్దున మాత్రం మెర్వ్ వేరే మనిషి. చొక్కా ఇస్త్రీ చేసుకుని, టై కట్టుకుని, లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆయన జస్టిస్ ఆఫ్ ది పీస్, పొట్టిగా జె.పి. పేరు చూసి జడ్జిగారనుకునేరు. జీతం లేదు, బంట్రోతు లేడు. ప్రభుత్వం ఇచ్చిందల్లా ఒక రబ్బరు ముద్ర. పాస్‌పోర్టు కావలసినవాళ్లు, పడవ ఇంజను పోగొట్టుకున్నవాళ్లు, విడాకులు తీసుకుంటున్నవాళ్లు తమ ప్రమాణపత్రాలు పట్టుకొస్తే సాక్షి సంతకం పెట్టి ఆ ముద్ర కొట్టడమే పని. ఊళ్లో మిగతా జె.పి.లు చిటికెలో కొట్టి పంపేస్తారు. మెర్వ్ అలా కాదు. వచ్చినవాణ్ని లేచి నిలబడమంటాడు, తనూ నిలబడతాడు, కాలరు బొత్తాం పెట్టుకుంటాడు. ఆపైన గొంతు సవరించుకుని, "ఇందులో రాసినదంతా నిజమని ప్రమాణపూర్వకంగా, నిండు మనసుతో ప్రకటిస్తున్నావా?" అని అడుగుతాడు. తన సొంత మంగలిని కూడా వదల్లేదు. బౌల్స్ జట్టులో జోడీ అయిన బెవన్ తుఫానులో కొత్త వలలు పోయాయని రాసుకొస్తే, "కొత్తవా? అవి మీ నాన్న నాటివి, నాకు తెలుసు. మార్చి రాసుకురా" అని వెనక్కి పంపాడు. బెవన్ ఏడాదిపాటు మొహం చాటేశాడు.

ఇలా వారమంతా నోటి చివర అబద్ధంతో బతికే మెర్వ్ ఒకడు, గురువారం పూట సత్యానికి కాపలా కాసే మెర్వ్ ఒకడు. కోరల్ కాపురం చేసింది మొదటివాడితో. రెండోవాడు ప్రభుత్వానివాడు కదా, మనకెందుకులే అనుకునేది.

కోరల్‌కు ఒక్కతే చెల్లెలు, డెల్మా. పెళ్లయి న్యూజిలాండ్ వెళ్లిపోయి, డనీడిన్‌లో ఉండిపోయింది. పదిహేడేళ్లుగా ఇద్దరూ మొహాలు చూసుకోలేదు, ఆదివారం ఆదివారం ఫోన్లే. ఈమధ్య డెల్మా అడిగిందే అడుగుతోంది. ఓ ఆదివారం, "అమ్మ ఎలా ఉందే? చలికి దగ్గు తగ్గిందా?" అంది. వాళ్లమ్మ పోయి ముప్ఫయ్యేళ్లు దాటింది. కోరల్ "తగ్గిందే" అని చెప్పి, ఫోను పెట్టేసి, వరండా మెట్టు మీద చాలాసేపు కూర్చుంది. చెల్లెలికి తను గుర్తుండగానే ఒక్కసారి ఎదుట నిలబడాలి. ఆ తర్వాత వెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే.

విమానమంటే మెర్వ్ ఎక్కడు. అందుకని ఓడ. వేసవిలో అడిలైడ్‌లో బయలుదేరి, న్యూజిలాండ్ చుట్టి వచ్చే ఓడ ఒకటి డనీడిన్ రేవులో ఒక పగలంతా ఆగుతుంది. డెల్మా కొడుకు తల్లిని రేవు దగ్గరికి తీసుకొస్తానన్నాడు. ఓడవాళ్ల షరతు ఒక్కటే, ప్రయాణం ఇన్సూరెన్స్ ఉంటేనే ఎక్కనిస్తారు. ఇన్సూరెన్స్ వాళ్ల షరతు కూడా ఒక్కటే. ఒంట్లో ఉన్న జబ్బులన్నీ ముందే చెప్పాలి.

ఇక్కడ కోరల్ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆవిడ కుడికన్ను రెండేళ్లుగా మసక. పోయిన చలికాలం కళ్లజోడు ఫ్రేము మార్పించుకుందామని పక్కూరు కడైనాకి వెళ్తే, ఆ కళ్లద్దాల డాక్టరు లైటు వేసి చూసి, "శుక్లం ముదిరిందమ్మా, ఆపరేషన్ చేయించుకోండి. అప్పటిదాకా కారు నడపకపోవడం మంచిది" అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి, "ఫ్రేము ఎలా ఉంది?" అని మెర్వ్‌ని అడిగింది. ఆయన బావుందన్నాడు. అక్కడితో ఆ కథ అయిపోయింది. బస్సుల్లేని ఊళ్లో, స్టీరింగ్ ముట్టని మొగుడితో, కారు మానేస్తే ఎలా? అప్పట్నుంచి కోరల్ ముందు అద్దం దుమ్ముగా ఉందని వారానికోసారి సణుగుతుంది, మెర్వ్ వారానికోసారి బకెట్టు నీళ్లు తెచ్చి శుభ్రంగా తుడుస్తాడు. మొగుడు నోరు విప్పడని ఊరంతా చెప్పుకు బాధపడే మనిషి ఇలా దాచొచ్చా అంటారేమో. కోరల్ దృష్టిలో అది వేరే సంగతి.

ఇన్సూరెన్స్‌కి ఫోను చేసిన రోజు కోరల్ వంటింటి బల్ల మీద, మాంసం, దుంపలు కూరి కాల్చే పేస్టీలకు పిండి వత్తుతోంది. చెవి మిషను కూతపెడుతుందని మెర్వ్ ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల గొంతు సువా నుంచి, ఫిజీ అమ్మాయి. పేరు లవేనియా అని చెప్పి, వాళ్ల దేశపు పలకరింపుతో మొదలెట్టింది.

"బులా మెర్విన్ గారూ! ఎలా ఉన్నారండీ?"

"చెప్పుకునేంత ఏమీ లేదు."

కోరల్ లోలోపల నవ్వుకుంది. ఇదే ఊపులో పోతే పేస్టీలు పొయ్యిలోకి వెళ్లేలోగా పని అయిపోతుంది.

"చాలా సంతోషం. ఇప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుతాను. సంభాషణ రికార్డవుతుంది. మీరిచ్చే సమాధానాలన్నీ నిజమని ప్రకటిస్తున్నారాండీ?"

కుర్చీ కిర్రుమంది. కోరల్ తలెత్తి చూసేసరికి మెర్వ్ నిక్కరు, సాక్సులతో నిటారుగా నిలబడి కాలరు బొత్తాం పెట్టుకుంటున్నాడు.

"ప్రకటిస్తున్నాను."

ఇక మొదలైంది. బీపీ ఉందన్నాడు, కొలెస్టరాల్ ఉందన్నాడు. ఎడమ మోకాలు మార్చారన్నాడు. ఎండ పుండు ముదిరి క్యాన్సరవుతుంటే చెవి పైకొస కోసేశారన్నాడు. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయన్నాడు.

"అది అక్కర్లేదండీ" అంది లవేనియా.

"అడిగారు కాబట్టి చెబుతున్నా. ఒకవైపే వచ్చాయి."

కోరల్‌కు నవ్వాగలేదు. లవేనియా కూడా నవ్వుతూనే ఆఖరి ప్రశ్న చదివింది. డాక్టరుకు ఇంకా చూపించుకోని ఇబ్బందులేమైనా ఉన్నాయా, ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం లాంటివి?

మెర్వ్ గోడ గడియారం వైపు చూశాడు, పిండి వైపు చూశాడు, పెళ్లాం వైపు మాత్రం చూడలేదు.

"ఉన్నాయి" అన్నాడు. "చలికాలం నుంచి. పీతల బుట్ట మోసుకుని జెట్టీ ఎక్కుతుంటే ఇక్కడ ఎవరో పిడికిలి బిగించినట్టుంటుంది. కాసేపు రెయిలింగు పట్టుకుని, సముద్రం చూస్తున్నట్టు నిలబడితే పోతుంది. ఒకసారి షెడ్డులో పడిపోయాను. ఎంతసేపున్నానో తెలీదు. లేచేసరికి టీ చల్లారిపోయింది."

"ఇంట్లో ఎవరికైనా చెప్పారాండీ?"

"పచ్చిక కోసే మిషను తగిలిందని చెప్పాను."

కోరల్ చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. నల్లగా కమిలిన ఆ దెబ్బకు పదిరోజులు మందు రాసింది తను. మొగుణ్ని పడేసిన మిషను ఇంట్లో ఉండకూడదని పోట్లాడి, నిక్షేపంలా పనిచేస్తున్నదాన్ని అయినకాడికి అమ్మించింది కూడా తనే.

లవేనియా గొంతు మెత్తబడింది. "సారీ మెర్విన్ గారూ. డాక్టరు చూసి, పరీక్షలన్నీ అయ్యేదాకా మీకు ఇన్సూరెన్స్ ఇవ్వలేమండీ."

కోరల్ పిండి చేతుల్తోనే ఫోను లాక్కుంది. "అమ్మాయ్, ఆయన మాటలు పట్టించుకోకు. మా ఆయనకి వేళాకోళం ఎక్కువ. షెడ్డులో పడిపోవడమేంటి, కునుకు తీసుంటాడు. ఆ ముక్క కొట్టెయ్యి."

"రికార్డయిందమ్మా."

"ఓడ వచ్చే నెల్లో ఉందమ్మా! మా చెల్లెలు..."

"ఓడ కంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండమ్మా" అంది లవేనియా. ఆ అమ్మాయి మాటలో చిరాకు లేదు, అందుకే కోరల్‌కి మరీ కోపం వచ్చింది.

ఫోను పెట్టేశాక కోరల్‌కు సిగ్గేసింది. మొగుడి గుండె సంగతి వినగానే తనకు ముందు తట్టింది ఓడ. ఆ సిగ్గంతా తిరిగి మెర్వ్ మీదే పడింది.

"ఏమయ్యా! మొహం కూడా ఎరగని పిల్లకి, సముద్రం అవతల ఉన్నదానికి పూసగుచ్చినట్టు చెప్పావే! రోజూ పక్కన పడుకునేదాన్ని, నాకు చెప్పడానికి నోరు రాలేదా? రోజూ పొద్దున్నే అడుగుతానే, ఎలా ఉన్నావని?"

"నువ్వు ఎలా ఉన్నావని అడిగావు" అన్నాడు మెర్వ్, ఎంతో ఓపికగా. "ఆ అమ్మాయి ప్రకటించమంది. రెండూ ఒకటెలా అవుతాయి?"

ఆయన వేళాకోళమాడలేదు. అదే కోరల్‌కు ఒళ్లు మండించింది. ఆ రోజు పేస్టీలు మాడిపోయాయి, అయినా మెర్వ్ రెండు తిని బాగున్నాయన్నాడు.

ఆ వారంలోనే కోరల్ ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఊరి డాక్టరు అడెబాయో కొత్తావిడ. నైజీరియా నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు, మూంటా మాటలకు అర్థాలు ఇంకా పట్టుబడలేదు. మంచి మనిషి. నవ్వుతూ, "ఏం మెర్విన్ గారూ, ఎలా ఉన్నారు?" అంది.

"చెప్పుకునేంత ఏమీ లేదు డాక్టర్."

"వెరీ గుడ్" అని ఆవిడ బీపీ మాత్రలు మళ్లీ రాయడానికి కంప్యూటర్ వైపు తిరిగింది. కోరల్ ఒక నిమిషం చూసింది. మొగుడు కిటికీలోంచి కారు పార్కింగు చూస్తున్నాడు, బండరాయికైనా కాస్త కదలిక ఉంటుంది. ఇలా లాభం లేదనుకుని కోరల్ లేచింది. తన స్వెటరు పైబొత్తాం పెట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"మెర్విన్ జాన్ పెన్‌హాల్! నీ ఒంట్లో సంగతి దాచకుండా చెబుతానని ప్రమాణపూర్వకంగా, నిండు మనసుతో ప్రకటిస్తున్నావా?"

డాక్టరమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. మెర్వ్ మొహం కందగడ్డలా ఎర్రబడింది. కానీ ఆయన కాళ్లు ఆయన మాట వినలేదు. లేచి నిలబడ్డాయి.

"ప్రకటిస్తున్నాను" అన్నాడు, నూతిలోంచి వచ్చినట్టు. తర్వాత జెట్టీ సంగతి, పిడికిలి సంగతి, షెడ్డు సంగతి, చల్లారిన టీ సంగతి ఒక్కొక్కటీ చెప్పాడు. లవేనియాకు చెప్పనిది కూడా ఒకటి చెప్పాడు. బౌల్స్ ఆడేటప్పుడు వంగి లేస్తే లోకమంతా అవతలికి జరిగిపోతోందట. డాక్టరమ్మ అప్పటికప్పుడు ఛాతీకి వైర్లు తగిలించింది, అడిలైడ్‌కు ఫోను చేసింది, ఎల్లుండి పొద్దున్నే అక్కడుండాలంది. వీళ్లు తలుపు దాకా వచ్చాక, "ఈ ప్రమాణం నేను మిగతావాళ్లతో కూడా చేయించొచ్చా?" అని అడిగింది. తమాషాకి అడగలేదు, పాపం.

అడిలైడ్ రెండు గంటల దారి. తెల్లారకముందే బయలుదేరారు. కాసేపటికి పొద్దు సరిగ్గా ఎదురుగా పొడిచింది. కోరల్ కుడికంటికి రోడ్డంతా పాలు ఒలకబోసినట్టయింది.

"తెల్లగీత మీదికి పోతున్నావ్" అన్నాడు మెర్వ్.

"గీత సరిగ్గా గీయలేదు వాళ్లు."

కొంతదూరం పోయాక, "అది లారీ" అన్నాడు.

"కనిపిస్తోందిలే. అద్దం చూడు ఎంత దుమ్ముందో! నిన్న తుడవమన్నానా లేదా?"

"నిన్న రెండుసార్లు తుడిచా" అన్నాడు మెర్వ్. అద్దం వైపు ఒకసారి, పెళ్లాం వైపు ఒకసారి చూశాడు. బస్సు అద్దంలోంచి పిల్లల్ని చూసే చూపే అది. "కనిపిస్తోందా? బానే ఉన్నావా?" అని మధ్యమధ్యలో అడిగాడు, ఆవిడ "బానే ఉన్నా" అంటే సరేననుకున్నాడు, ఆ రోజు ఆయన బుర్ర గుండె మీద ఉంది. కోరల్ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, తెల్లగీతకు ఇవతల నల్లగా కనబడిందల్లా రోడ్డేననుకుంటూ నడిపింది. దారి పొడవునా ఈయనకేమైనా అయితే ఎలాగని భయపడింది. ఆ భయంలో తన కన్ను సంగతి తనకే గుర్తురాలేదు.

మెర్వ్ గుండెకు రెండు స్టెంట్లు వేశారు. ఇంకో నెల జెట్టీ మీద పీతలు పట్టి ఉంటే జెట్టీ మీదే ఉండిపోయేవాడినని అక్కడి డాక్టరు చెప్పినట్టు ఆయనే కోరల్‌కు చెప్పాడు. ఎవరూ ప్రమాణం చేయించకుండా ఆయన చెప్పిన మొదటి ముక్క అది. ఆ మాటకు కోరల్ ఆసుపత్రి వరండాలో నిలబడి బాహాటంగా ఏడ్చింది. మూంటావాళ్లెవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

ఓడ మాత్రం వీళ్లు లేకుండానే వెళ్లిపోయింది. ఆ ఆదివారం డెల్మా, "రేవుకి వెళ్లొచ్చానే. బోలెడు జనం దిగారు, నువ్వు దిగలేదేం?" అని అడిగింది. కోరల్ "వచ్చే ఓడకి దిగుతానే" అంది. మరుసటి ఆదివారం డెల్మా ఆ ఊసే ఎత్తలేదు. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు పేరు గుర్తు చేస్తే గాని అక్క అని పోల్చుకోలేదు. వచ్చే ఓడ మళ్లీ మాకు ఎండలు మొదలయ్యే నవంబరులో ఉంది. ఇంకోసారి తప్పిపోతే వెళ్లి ప్రయోజనం ఉండదని కోరల్‌కు తెలుసు.

సెప్టెంబరులో మళ్లీ అదే బల్ల, అదే పేస్టీల పిండి, అదే ఫోను. నంబరు చూసి కావాలనే లవేనియా తీసుకుందట. ఈసారి మెర్వ్ ముందే బొత్తాం పెట్టుకుని నిలబడ్డాడు. స్టెంట్ల సంగతి, మాత్రల సంగతి, డాక్టరు సరే అన్న సంగతి అన్నీ అప్పజెప్పాడు. గవదబిళ్లలు కూడా వదల్లేదు.

"కాస్త ఎక్కువ కట్టాల్సి వస్తుందండీ, కానీ ఇస్తాం" అంది లవేనియా. కోరల్ గుండెల మీంచి బరువు దిగింది.

"ఇప్పుడు కోరల్ గారు. మీకెలా ఉందండీ?"

"నాకేంటమ్మా? చెప్పుకునేంత ఏమీ లేదు."

అవతల లవేనియా గొంతు తగ్గించింది. "అమ్మా, ఏమీ అనుకోకండి. ఇది మెర్విన్ గారి 'ఏమీ లేదు' లాంటిదా, నిజంగానే ఏమీ లేదా?"

కోరల్ తలెత్తింది. మెర్వ్ ఇంకా కూర్చోలేదు. ఆయనకేమీ తెలీదు. ప్రకటన పూర్తయ్యేదాకా నిలబడాలి కాబట్టి నిలబడ్డాడు, అంతే. అయినా కోరల్‌కు లైబ్రరీ బల్ల ముందు నించున్నట్టే ఉంది. లేదని ఒక్క ముక్క అంటే చాలు, ఓడ ఎక్కొచ్చు. ఎక్కి, రేవులో దిగి, ఎదురుగా వచ్చిన మసకని చూసి డెల్మా అనుకోవాలి. ఆ మసక తనని చూసి ఎవరనుకుంటుందో. ఒకరికి గుర్తులేక, ఒకరికి కనబడక, ఇదేం కలుసుకోవడం?

పిండి చేతులు తుడుచుకుని లేచి నిలబడింది. "కుడికన్ను కనబడదమ్మా" అంది. "శుక్లం. రెండేళ్లయింది. కళ్లద్దాల ఆయన ఆపరేషనన్నాడు, కారు నడపొద్దన్నాడు. నేనెవరికీ చెప్పలేదు. ఇక ఓడ లేదంటే లేదనేసెయ్, వింటాను."

కీబోర్డు టకటకలు వినిపించాయి.

"శుక్లమేనా అమ్మా?" లవేనియా గొంతులో నవ్వు. "శుక్లానికి మా దగ్గర ఒక్క సెంటు కూడా ఎక్కువ ఉండదు. మామూలుగానే వచ్చేస్తుంది. ఆపరేషన్ ముందే చేయించేసుకోండి, చెల్లెల్ని బాగా చూడొచ్చు. ఇద్దరికీ శుభప్రయాణం!"

కోరల్ ఫోను పెట్టేసింది. రెండేళ్లు ప్రాణంలా దాచుకున్న జబ్బుకి విలువ సున్నా అని తేలేసరికి కోరల్‌కు సంతోషించాలో, చిన్నబుచ్చుకోవాలో తెలీలేదు. మెర్వ్ నెమ్మదిగా కూర్చున్నాడు.

"కోరల్. నన్ను అడిలైడ్ తీసుకెళ్లింది ఎవరు?"

"నేనే."

"ఎదురుపొద్దులో. రెండు గంటలు. ఒంటి కన్నుతో."

"ఆఁ."

"నేను గుండెలో రెండు గొట్టాలు పూడిపోయి, నువ్వు ఆ కన్నుతో..." ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.  "దారంతా అడుగుతూనే ఉన్నానే, కనిపిస్తోందా, బానే ఉన్నావా అని!"

"బానే ఉన్నావా అని అడిగావు" అంది కోరల్. "ప్రమాణం చేయించలేదుగా."

మెర్వ్ లేచి వెళ్లి తలుపు పక్క కొక్కేనికి వేలాడుతున్న కారు తాళాలు తీసుకుని, తన నిక్కరు జేబులో వేసుకున్నాడు. "పద, కడైనాకి పోదాం. కంటి ఆపరేషన్‌కి రోజు అడుగుదాం" అన్నాడు. కోరల్ ఏప్రన్ విప్పి బయటికి వచ్చేసరికి ఆయన అలవాటు కొద్దీ బకెట్టు పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. అద్దం వైపు చూశాడు. తళతళలాడుతోంది. బకెట్టు కింద పెట్టి, ఇన్నేళ్ల తర్వాత స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.